ఇతర విశ్వాల ఆనవాళ్ల కోసం మన ఆకాశంలో ఏం వెతికారు, ఏం తేలింది?

లంక మాస్టారు (పి.గన్నవరం):

సభ్యులందరికీ నమస్కారం. వైనతేయ ఒడ్డున ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. అంటార్కిటికాలో కాలం వెనక్కి నడిచే సమాంతర విశ్వాన్ని నాసా కనుగొన్నదనే సందేశం 2020లో విస్తృతంగా తిరిగింది. ఇప్పుడు అదే సందేశం మళ్లీ మా పదో తరగతి పిల్లల చేతుల్లోకి వచ్చింది. అది నిజం కాదని ఒక్క మాటతో కొట్టివేయవచ్చు గాని, వాళ్ల ఆసక్తి వెనుక ఉన్న ప్రశ్న కొట్టివేయదగినది కాదని నా అభిప్రాయం. మనది కాక వేరే విశ్వాలు ఉన్నట్లయితే వాటి ఆనవాలు మనకు అందే చోట ఎక్కడైనా ఉండగలదా, ఉండగలిగితే దాని కోసం ఎవరు ఏ విధంగా వెతికారు, చివరికి ఏం తేలింది? తెలిసిన వారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

వశిష్ఠ తీరం (నరసాపురం):

మాస్టారూ, ముందుగా ఆ సందేశం సంగతి చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాను.

ఆ సందేశానికి మూలమైన అనీటా అనేది అంటార్కిటికా మీద ఎత్తున ఎగిరే బెలూన్‌కు అమర్చిన రేడియో ఆంటెన్నాల సముదాయం. అత్యధిక శక్తి గల న్యూట్రినోలు (పదార్థంతో చాలా అరుదుగా చర్య జరిపే సూక్ష్మ కణాలు) మంచులో పుట్టించే రేడియో స్పందనలను పట్టుకోవడానికి దానిని రూపొందించారు. 2006లోనూ 2014లోనూ దానికి భూమి లోపలి నుంచి పైకి వచ్చినట్టు కనిపించే సంకేతాలు అందాయి. అంత శక్తి గల కణం అంత మందమైన భూభాగాన్ని దాటి రావడం మనకు తెలిసిన లెక్కలకు కుదరదు. మహావిస్ఫోటానికి ఆవలి వైపు కాలం ఎదురు దిశలో సాగే ప్రతిబింబ విశ్వం ఒకటి ఉండవచ్చునని బాయిల్, ఫిన్, టురాక్ 2018లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. అందులో ఊహించిన ఒక భారీ న్యూట్రినోతో ఈ సంకేతాలను వివరించవచ్చునేమోనని మరికొందరు రాశారు. పత్రికలు ఆ ‘ఏమో’ను తీసివేశాయి. దక్షిణ ధ్రువంలో న్యూట్రినోలను పట్టే ఐస్‌క్యూబ్ పరిశోధకులు తమ దత్తాంశంలో తోడు సంకేతాల కోసం వెతికితే ఏమీ కనబడలేదు. అర్జెంటీనాలోని పియర్ ఓజే వేధశాల వారు 2025లో ప్రచురించిన ఫలితాల్లోనూ అలా భూమి లోపలి నుంచి పైకి వచ్చే కణజల్లులకు ఊతం దొరకలేదు. ఆ సంకేతాల కారణం ఇంకా తేలలేదు. దానికీ వేరే విశ్వానికీ ముడివేసే పరిశీలన మాత్రం ఒక్కటీ లేదు.

అసలు విషయం. బహుళ విశ్వాల గురించి చాలా రకాల ప్రతిపాదనలు ఉన్నాయి గాని, ఆకాశంలో వెతకదగిన గుర్తును స్పష్టంగా చెప్పేది ఇన్‌ఫ్లేషన్ నుంచి వచ్చిన ప్రతిపాదన. విశ్వం తన తొలి క్షణంలో ఊహకందని వేగంతో వ్యాకోచించిందని అలన్ గూత్ 1981లో చెప్పారు. ఆ వ్యాకోచం అన్ని చోట్లా ఒకేసారి ఆగకపోవచ్చునని 1983లో విలెంకిన్, 1986లో లిండే చూపించారు. ఒక చోట ఆగితే అక్కడ ఒక బుడగ ఏర్పడుతుంది. మనం ఉన్నది అటువంటి ఒక బుడగలో. బయట వ్యాకోచం సాగుతూనే ఉంటుంది, అక్కడ మరికొన్ని బుడగలు పుడుతూనే ఉంటాయి. అటువంటి బుడగ పుట్టే విధానాన్ని గురుత్వాకర్షణతో సహా లెక్కగట్టినది కోల్‌మన్, డి లూచియా, 1980లో.

రెండు బుడగలు దగ్గరగా పుడితే అవి ఢీకొంటాయి. ఆ తాకిడి మన బుడగ తొలి దశలో జరిగి ఉంటే, దాని ముద్ర కాస్మిక్ మైక్రోవేవ్ నేపథ్య వికిరణం మీద పడుతుంది. విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసున్నప్పుడు బయలుదేరిన ఆ వెలుగు నేడు 2.725 కెల్విన్ల ఉష్ణోగ్రతతో అన్ని దిక్కుల నుంచీ వస్తున్నది. అందులోని హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు మాత్రమే. గోళాకారపు బుడగలు కలిసిన చోటు వృత్తమే కనుక, ఆకాశ పటంలో ఆ ముద్ర గుండ్రని మచ్చగా కనిపించాలి. మచ్చ లోపల ఉష్ణోగ్రత కేంద్రం నుంచి అంచు వరకు ఒక క్రమంలో మారాలి. అగీరే, జాన్సన్, షోమర్ 2007లో ఈ అన్వేషణకు దారి చూపారు. ఇంత నిర్దిష్టంగా ‘ఈ ఆకారం కోసం వెతకండి’ అని చెప్పగలగడమే ఈ ప్రతిపాదనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

కౌశిక (కాకినాడ):

వశిష్ఠ గారు ఆపిన చోటు నుంచి నేను అందుకుంటాను. నేను దత్తాంశ విశ్లేషణ పనిలో ఉన్నాను, అందువల్ల ఆ వెతుకులాట జరిగిన తీరు మీదే నా దృష్టి.

ఫీనీ, జాన్సన్, మోర్ట్‌లాక్, పైరిస్ కలిసి, ఆ నేపథ్య వికిరణాన్ని ఆకాశమంతటా కొలిచిన డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహపు ఏడేళ్ల దత్తాంశంలో ఈ గుండ్రని మచ్చల కోసం వెతికి, 2011లో ఫలితాలు ప్రచురించారు. మనుషుల కన్ను ఎక్కడ చూసినా ఆకారాలను కల్పించుకుంటుంది. ఇది ఎంత పెద్ద ప్రమాదమో డబ్ల్యూమ్యాప్ బృందమే ఒక వ్యాసంలో చూపించింది: ఆ పటంలో స్టీఫెన్ హాకింగ్ పేరులోని రెండు పొడి అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ అక్షరాలు అదే స్థానంలో, అదే వాలుతో ఏర్పడే సంభావ్యతను లెక్కిస్తే అది అత్యల్పం. అయినా వాటికి అర్థమేమీ లేదు, ఎందుకంటే పటం చూసిన తరువాతనే ఆ ప్రశ్న పుట్టింది.

అందువల్ల ఫీనీ బృందం తాళం ముందుగానే వేసుకున్నది. తాకిడులేవీ లేని కృత్రిమ ఆకాశాలను కంప్యూటర్‌లో తయారుచేసి, ఉపగ్రహపు లోపాలను కూడా వాటిలో కలిపి, తమ పద్ధతి ఎన్ని అబద్ధపు మచ్చలను చూపుతుందో ముందు లెక్కించుకున్నారు. దాని ఆధారంగా హద్దులు పెట్టుకున్నాకనే అసలు పటాన్ని పరీక్షించారు. తాకిడికి అనుగుణంగా కనిపించే ప్రాంతాలు నాలుగు మిగిలాయి. ఈ ‘నాలుగు’ అనే అంకె పత్రికల్లో బాగా తిరిగింది. ఆ వ్యాసం తేల్చినది మాత్రం వేరు: మొత్తం ఆకాశాన్ని కలిపి తూచితే, తాకిడులు ఉన్నాయనే వాదానికి మొగ్గు చూపే బలం దత్తాంశంలో లేదు. ఆకాశం మొత్తం మీద గుర్తించదగిన తాకిడుల సగటు సంఖ్య 1.6 కన్నా తక్కువ అని 68 శాతం విశ్వాసంతో హద్దు నిర్ణయించారు. 2013లో ఓస్బోర్న్, సెనటోర్, స్మిత్ అదే ఉపగ్రహ దత్తాంశాన్ని మరింత సునిశితమైన పద్ధతితో పరీక్షించినప్పుడూ తాకిడి జాడ దొరకలేదు.

ఆత్రేయ (రావులపాలెం):

ఆకాశంలో ఒక చల్లని మచ్చ ఉన్నదనీ, అది వేరే విశ్వం తాకిన గుర్తేననీ ఒక వీడియోలో విన్నాను. ఆ నాలుగు ప్రాంతాల్లో అదీ ఒకటేనా?

వశిష్ఠ తీరం (నరసాపురం):

అవును, ఆ నాలుగింటిలో అదీ ఉంది. దానిని కొంచెం వివరంగానే చూడాలి.

వియెల్వా, ఆయన సహచరులు 2004లో డబ్ల్యూమ్యాప్ పటంలో దానిని గుర్తించారు. ఎరిడానస్ తారామండలం దిశలో సుమారు 10 డిగ్రీల వెడల్పున, అంటే పున్నమి చంద్రుని వ్యాసానికి ఇరవై రెట్ల మేర, పరిసరాల కన్నా సగటున 70 మైక్రోకెల్విన్లు చల్లగా ఉంటుంది. తరువాత అదే వికిరణాన్ని మరింత స్పష్టంగా కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం కూడా దానిని చూసింది కనుక, అది పరికరపు దోషం కాదు.

మన వైపు వచ్చే దారిలో గెలాక్సీలు పలచగా ఉన్న మహాశూన్య ప్రాంతాన్ని దాటినందువల్ల అక్కడి వెలుగు శక్తిని కొంత కోల్పోయి ఉండవచ్చునన్నది సులభమైన వివరణ. 2015లో సపుడి బృందం అదే దిశలో సుమారు 180 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పున్న శూన్య ప్రాంతాన్ని గుర్తించింది. 2017లో డర్హమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ దిశలోని సుమారు 7,000 గెలాక్సీల దూరాలను కొలిచి, అంత చల్లదనాన్ని వివరించగలిగిన ఒకే మహాశూన్యం అక్కడ లేదని చెప్పారు. తరువాత గెలాక్సీల పటం తయారుచేసే డార్క్ ఎనర్జీ సర్వే వారు ఆ శూన్యం ఉన్నమాట నిజమేనని నిర్ధారించారు; అయితే ఉష్ణోగ్రతలోని తగ్గుదలలో 10 నుంచి 20 శాతాన్ని మాత్రమే అది వివరించగలదన్నారు.

మరి మిగిలిన భాగం? ఆ వీడియోలు చెప్పని విషయం ఇక్కడే ఉంది. వేరే విశ్వంతో తాకిడి కూడా ఒక అవకాశమేనని 2017లో ప్రస్తావించిన డర్హమ్ బృందమే, ఏ ప్రత్యేక కారణమూ లేకుండా సాధారణ హెచ్చుతగ్గుల వల్లనే అటువంటి మచ్చ ఏర్పడే అవకాశం యాభైలో ఒకటి ఉన్నదని కూడా చెప్పింది. యాభైలో ఒకటి అరుదే గాని, ఒక కొత్త విశ్వాన్ని నిలబెట్టడానికి చాలినంత అరుదు కాదు.

కోనసీమ గణితం (అమలాపురం):

నేను గణితం చదువుకున్నదానిని. ఇంతవరకు చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి, అవి తీవ్రమైనవేనని అనుకుంటున్నాను.

మొదటిది, మనకు ఉన్నది ఒకే ఆకాశం. పెద్ద కోణాల్లో, అంటే ఆకాశంలోని విశాల ప్రాంతాల మీద, డబ్ల్యూమ్యాప్ కొలతలకే లోపం దాదాపు లేదు. ఎంత మేలైన ఉపగ్రహాన్ని పంపినా, ఆ పెద్ద మచ్చల ఉష్ణోగ్రత గురించి కొత్తగా తెలిసేది స్వల్పం. ఇంకో ఆకాశం తెచ్చుకుని పోల్చలేము గనుక ఆ అనిశ్చితి ఎప్పటికీ పోదు. రెండవది మరింత లోతైనది. తాకిడి కనబడితే సిద్ధాంతానికి మద్దతు అంటారు. కనబడకపోతే ఆ బుడగలు దూరంగా ఉన్నాయంటారు. ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరని సిద్ధాంతాన్ని పరీక్షకు నిలిచిన సిద్ధాంతమని ఎలా అనగలం? విశ్వశాస్త్రవేత్తలు జార్జి ఎల్లిస్, జో సిల్క్ 2014లో నేచర్ పత్రికలో ఈ ధోరణిని గట్టిగానే ప్రతిఘటించారు. నేను వారి పక్షం.

గౌతమి ఒడ్డు (యానాం):

అనంతకోటి బ్రహ్మాండాలు అనే భావన మన పెద్దలకు కొత్తది కాదు కదా. ఈ ఉపగ్రహాలు ఇప్పుడు దానినే నిరూపించబోతున్నాయా?

లంక మాస్టారు (పి.గన్నవరం):

ఆ భావన మీద నాకూ గౌరవం ఉంది. అయితే భక్తుడు దానిని ఆకాశపటంలో గుండ్రని మచ్చ కోసం వెతికి నమ్మడు, మచ్చ లేదని తెలిసి మానుకోడు. ఇక్కడ మనం మాట్లాడుతున్నది కొలతకు లొంగే ఊహల గురించి మాత్రమే. దయచేసి చర్చను అక్కడే ఉంచుదాం.

అమలాపురం సభ్యురాలి రెండో అభ్యంతరానికి నాకు తోచినది చెబుతాను. జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎర్రబడితే, ఎగువన శబరి వైపో ఇంద్రావతి వైపో వాన దంచిందని మా లంకల్లో వాళ్లు గ్రహిస్తారు. ఆ అడవులను వాళ్లలో చాలామంది ఎన్నడూ చూడలేదు. కంటికి అందని చోటి సంగతిని కంటికి అందిన నీటి రంగు నుంచి తెలుసుకోవడం తప్పు కాదు కదా?

కోనసీమ గణితం (అమలాపురం):

తప్పు కాదు, మాస్టారూ. కాని అక్కడ ఎగువకు వెళ్లి వాననూ ఎర్రమట్టినీ చూసి వచ్చిన వాళ్లు ఉన్నారు. రంగుకూ వానకూ ఉన్న సంబంధాన్ని ఎవరో ఒకరు రెండు కొసల నుంచీ చూశారు. బుడగ విశ్వాల విషయంలో అవతలి కొసను చూసిన వారు లేరు, చూడబోయే వారూ లేరు. ఆ సంబంధాన్ని సమీకరణం ఒక్కటే చెబుతున్నది. కనుక ఆ సమీకరణాన్ని మరో దారిలో పరీక్షించి ఉండాలి. అటువంటి పరీక్ష ఏదైనా జరిగిందా?

కౌశిక (కాకినాడ):

జరిగింది, జరుగుతున్నది. మీ ప్రశ్న ఈ చర్చను సరైన చోటికి తెచ్చింది.

మిథ్యాశూన్యం, అంటే స్థిరంగా కనిపించినా అత్యల్ప శక్తి స్థితి కాని శూన్యం, దాని నుంచి బుడగ పుట్టడమనే ప్రక్రియను ప్రయోగశాలలో, అత్యంత చల్లని పరమాణు వాయువులో, ఇటలీలోని ట్రెంటోలో పరిశోధకులు చూడగలిగారు. ఆ ఫలితాలు 2024లో ప్రచురితమయ్యాయి. సోడియం పరమాణువుల అయస్కాంత స్థితి పైకి స్థిరంగానే కనిపిస్తూ, చివరకు అంతకన్నా తక్కువ శక్తి గల స్థితిలోకి బుడగల రూపంలో జారిపోయింది. ఆ బుడగలు పుట్టడానికి పట్టే కాలం సిద్ధాంతం చెప్పిన విధంగానే మారింది. ఇది విశ్వాన్ని సృష్టించడం కాదు, ఇతర విశ్వాలకు సాక్ష్యమూ కాదు. అయితే సమీకరణంలోని కీలకమైన అడుగు ప్రకృతిలో నిజంగా జరిగేదేనని చూపింది.

ఇన్‌ఫ్లేషన్ కూడా తన వంతు పరీక్షకు నిలబడింది. తొలి హెచ్చుతగ్గుల బలం అన్ని పరిమాణాల్లోనూ దాదాపు సమానంగా ఉండాలి, అయితే సరిగ్గా సమానం కాకూడదు అన్నది దాని సాధారణ రూపాలు చెప్పే మాట. సరిగ్గా సమానమైతే 1 రావలసిన సూచిక 0.965 అని ప్లాంక్ 2018 ఫలితాల్లో తేలింది, అనిశ్చితి 0.004 మాత్రమే. అంత ఖచ్చితంగా 1 నుంచి తొలగిన అంకెను చూసినప్పుడు ఎంత సంశయవాది అయినా ఒక క్షణం ఆగి ఆలోచించవలసిందేనని నా నమ్మకం.

వశిష్ఠ తీరం (నరసాపురం):

అమ్మా, ‘ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరదు’ అన్నారు. చెదరగొట్టే ఫలితం ఒకటి ఉంది.

కోల్‌మన్, డి లూచియా లెక్క ప్రకారం బుడగ లోపలి అంతరిక్షం గుర్రపు జీను మాదిరిగా వంగి ఉండాలి, అంటే దాని వక్రత రుణాత్మకం. ఇన్‌ఫ్లేషన్ దానిని దాదాపు చదునుగా సాగదీసి ఉండవచ్చు గాని, గోళం మాదిరి ధనాత్మక వక్రతగా మార్చలేదు. 2012లో క్లెబన్, షిల్లో ఒక వైపు, గూత్, నోమురా మరో వైపు ఇదే ఎత్తి చూపారు: పదివేలలో ఒక వంతుకు మించిన ధనాత్మక వక్రత గనక కొలతల్లో తేలితే, నిత్య ఇన్‌ఫ్లేషన్ (ఎక్కడో ఒక చోట ఎప్పటికీ ఆగకుండా సాగే వ్యాకోచం) నుంచి మన విశ్వం బుడగగా పుట్టిందన్న చిత్రం కుప్పకూలుతుంది. ప్లాంక్ దత్తాంశాన్ని గెలాక్సీల పంపిణీ కొలతలతో కలిపితే 2018 ఫలితాల్లో వచ్చిన వక్రత విలువ 0.0007 (ఈ సూచికలో ధన అంకె అంటే రుణాత్మక వక్రత), అనిశ్చితి 0.0019. అంటే ఆ కొలత రెండు వైపులా తలుపు తెరిచే ఉంచింది. రాబోయే సర్వేలు ఆ అనిశ్చితిని ఇంకా తగ్గిస్తాయి. సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన వారిలో ఒకరైన గూత్ స్వయంగా దాని ఓటమికి షరతు రాసి పెట్టడాన్ని నేను చాలా గౌరవిస్తాను.

మీ మొదటి అభ్యంతరానికి సమాధానం ధ్రువణంలో, అంటే వెలుగు తరంగాలు ఊగే దిశలో, ఉంది. తాకిడి జరిగి ఉంటే ఆ వికిరణపు ఉష్ణోగ్రత మీదనే కాక, ధ్రువణం మీద కూడా దానికి తోడు ముద్ర పడాలని 2010లో చెక్, క్లెబన్, వారి సహచరులు లెక్కించారు. ఒకే ఆకాశమైనా అది రెండో సాక్షి. పెద్ద కోణాల్లో ఆ ధ్రువణాన్ని ఆకాశమంతటా శుభ్రంగా కొలిచే పనికి జపాన్ లైట్‌బర్డ్ ఉపగ్రహాన్ని సిద్ధం చేస్తున్నది.

కోనసీమ గణితం (అమలాపురం):

వక్రత వాదన నాకు నచ్చింది. సిద్ధాంతాన్ని తోసిపుచ్చగల కొలత ఉన్నదని ఒప్పుకుంటాను. అయితే ఆ కొలత సిద్ధాంతాన్ని తోసిపుచ్చగలదే గాని, ఇతర విశ్వాలను చూపించలేదు. రుణాత్మక వక్రత దొరికినా దానికి వేరే వివరణలు ఉండగలవు. ఈ తేడాను పిల్లలకు తప్పక చెప్పాలి.

ఇంకొక ఉదాహరణ కూడా వాళ్లకు ఉపయోగపడుతుంది. మహావిస్ఫోటానికి ముందు మరో యుగం ఉన్నదనీ, అప్పటి మహా కృష్ణబిలాల తాకిడులు ఆకాశపటంలో ఏకకేంద్ర వలయాలుగా మిగిలాయనీ గుర్జాద్యాన్, పెన్‌రోజ్ 2010లో ప్రకటించారు. కొద్ది వారాల్లోనే మూడు వేర్వేరు బృందాలు ఆ లెక్కను మళ్లీ చేశాయి. వాటిలో ఒకటి అమీర్ హాజియన్‌ది. ఆకాశం అన్ని దిశల్లోనూ గణాంకపరంగా ఒకే తీరుగా ఉన్నదా అని పరీక్షించే పద్ధతిని పుణెలోని ఖగోళశాస్త్ర పరిశోధన కేంద్రం ఐయూకాలో తరుణ్ సౌరదీప్‌తో కలిసి రూపొందించినవారు ఆయన. సాధారణ విశ్వ నమూనాతో తయారు చేసిన కృత్రిమ ఆకాశాల్లోనూ అటువంటి వలయాలు అదే స్థాయిలో వస్తాయని మూడు బృందాలూ తేల్చాయి. పెన్‌రోజ్ అంతటి పెద్ద పేరు ఆ ఫలితాన్ని కాపాడలేకపోయింది.

ఆత్రేయ (రావులపాలెం):

మైక్రోవేవ్ పటం కాక వేరే దారుల్లో ఎవరూ వెతకలేదా?

కౌశిక (కాకినాడ):

వెతికారు. రెండింటిని మాత్రం చెబుతాను.

ఇన్‌ఫ్లేషన్ సమయంలో పుట్టిన చిన్న బుడగల్లో కొన్ని, లోపల వేరే విశ్వంగా వ్యాకోచిస్తూనే బయటి వారికి కృష్ణబిలంగా కనిపిస్తాయని గరీగా, విలెంకిన్, ఝాంగ్ 2016లో చూపారు. అటువంటి ఆదిమ కృష్ణబిలం ఒక నక్షత్రానికి అడ్డంగా వెళితే, కృష్ణబిలపు గురుత్వాకర్షణ కటకంలా పనిచేసి, ఆ నక్షత్రపు వెలుగు కాసేపు పెరిగి తగ్గుతుంది. హవాయిలోని సుబారు టెలిస్కోప్‌తో ఆండ్రోమెడా గెలాక్సీని ఒక రాత్రి ఏడు గంటల పాటు చిత్రీకరించినప్పుడు అటువంటి సంఘటన ఒకటి అనుమానాస్పదంగా దొరికింది. 2020లో కుసెంకో, ఆయన సహచరులు దానిని ఈ ప్రతిపాదనతో పోల్చి చూశారు. ఒక్క సంఘటనతో ఏదీ తేలదు. వెలుగు తనంతట తానే మారే చంచల నక్షత్రం కావడానికీ అవకాశం ఉంది. కాని ఇది పదేపదే చూడగలిగిన పరిశీలన, ఒకే ఆకాశపటంతో ముగిసేది కాదు. అందువల్ల వ్యక్తిగతంగా నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీని మీదనే.

రెండోది న్యూట్రాన్లది. సీసాలో బంధించి కొలిస్తే న్యూట్రాన్ ఆయుష్షు సుమారు 879 సెకన్లు, పుంజంలో కొలిస్తే 888 సెకన్లు వస్తున్నది. కొన్ని న్యూట్రాన్లు మనకు కనిపించని ‘దర్పణ’ న్యూట్రాన్లుగా మారి తప్పించుకుంటున్నాయేమోనని అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో, న్యూట్రాన్లను పూర్తిగా అడ్డగించే గోడకు అవతల అవి తిరిగి ప్రత్యక్షమవుతాయా అని పరీక్షించారు. 2022లో ప్రచురించిన ఫలితం: ఒక్కటీ రాలేదు. ఇది కూడా ‘సమాంతర విశ్వానికి ద్వారం’ అనే శీర్షికలతోనే ప్రచారమైంది, నిజానికి అది మన విశ్వంలోనే దాగిన కణాల ప్రశ్న.

లంక మాస్టారు (పి.గన్నవరం):

అందరికీ కృతజ్ఞతలు. పిల్లలకు ఏం చెప్పాలో ఇప్పుడు నాకు స్పష్టమైంది: ఇంతవరకు ఇతర విశ్వాల సాక్ష్యం దొరకలేదు, వెతకడం మాత్రం నిజమైన శాస్త్రంగానే జరిగింది. వాళ్లు స్వయంగా ఏదైనా చేయగలరా? మా పాఠశాలలో కొద్దిపాటి కంప్యూటర్లు ఉన్నాయి.

కౌశిక (కాకినాడ):

చేయగలరు, మాస్టారూ. ప్లాంక్ పటాలను ఐరోపా అంతరిక్ష సంస్థ అందరికీ ఉచితంగా ఉంచింది. వాటిని చదవడానికి హీల్‌పిక్స్ అనే ఉచిత సాధనం ఉంది, అది పైథాన్‌లోనూ పనిచేస్తుంది. తక్కువ స్పష్టత గల పటమైతే మామూలు కంప్యూటర్ చాలు. అదే సాధనంతో సాధారణ విశ్వ నమూనా నుంచి వంద కృత్రిమ ఆకాశాలు తయారుచేసి నేను పంపుతాను. పిల్లలు ముందుగా వాటిలో 10 డిగ్రీల వెడల్పున్న అతి చల్లని మచ్చ ఎంత చల్లగా ఉందో ఒక్కొక్క ఆకాశానికీ రాసుకోవాలి. ఎంత చల్లగా ఉంటే ‘అసాధారణం’ అనాలో వాళ్లే చర్చించి ఆ హద్దును నోటు పుస్తకంలో తేదీతో సహా రాయాలి. అప్పటివరకు అసలు పటాన్ని వాళ్లకు చూపించకండి. హద్దు రాశాక తెరవండి, ఎరిడానస్ దిశలో వాళ్లకు ఏం వచ్చిందో ఇక్కడే రాయమనండి.

కోనసీమ గణితం (అమలాపురం):

వంద చాలవు, వెయ్యి పంపండి. వందలో ఒకటి రెండు ఆకాశాలు అటూ ఇటూ అయితే హద్దే మారిపోతుంది. సంభావ్యత లెక్క దగ్గర పిల్లలకు ఇబ్బంది వస్తే, ఆదివారం నేను గన్నవరం వచ్చి కూర్చుంటాను, మాస్టారూ.